పక్షుల నీటితొట్టి - రంగుల ఎంపిక: ఒక రసాయన పరిశీలన

మార్చి మాసం గడిచీ గడవక మునుపే రాయలసీమలో కుంటలు అడుగంటుతాయి, వంకలు ఇసుక బాటలవుతాయి. కడప జిల్లాలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. కొన్ని రోజులలో అది 44, 45 డిగ్రీల వరకు పోతుంది. బాటసారి కోసం చలివేంద్రం గాని సబీలు గాని పెట్టడం ఈ సీమలో పూర్వాచారమే. దానితోపాటు ఇంటి ముందర, మిద్దె మీద, పాఠశాల ఆవరణలో పిచ్చుకకు, గోరింకకు, పావురానికి ఒక తొట్టి నీరు పెట్టే అలవాటు ఇటీవలి సంవత్సరాలలో బాగుగా వ్యాపించినది. మట్టి మూకుడు కుక్క తాకిడికో కోతి చేతికో పగిలిపోతుంది. అందుచేత చాలామంది సిమెంటు కాంక్రీటుతో పోత పోసిన తొట్టిని కోరుకుంటున్నారు. అంతవరకు బాగానే ఉన్నది. చిక్కు అంతా ఆ తొట్టికి రంగు వేయబూనినప్పుడు మొదలవుతుంది.

సాధారణంగా జరిగేది ఇది. బేల్దారి తొట్టిని పోసి అచ్చు విప్పిన వారం రోజులకే, ఇంట్లో తలుపులకు వేయగా మిగిలిన ఎనామెలు రంగును లోపలా వెలుపలా పూస్తారు. రెండు మాసాలు తొట్టి తళతళలాడుతుంది. ఆ తరువాత నీటి మట్టానికి దగ్గరగా బొబ్బలు లేస్తాయి. బొబ్బ పగిలి పొర ఊడుతుంది. ఊడిన రేకులు నీటిలో తేలుతాయి. ఆ నీటినే పక్షి త్రాగుతుంది. రంగు మంచిది కాదని మరుసటి సంవత్సరం ఇంకొక ఖరీదైన డబ్బా తెచ్చి పాత పొర మీదనే మరల పూస్తారు. ఫలితం మాత్రం మారదు. ఏ కంపెనీ రంగు మేలైనదని ఎల్లరూ అడుగుతారు గాని, ఆ రంగు దేని మీద నిలువవలసి ఉన్నదో విచారించేవారు అరుదు. ఈ వ్యాసంలో ఆ రెండవ ప్రశ్ననే ముందుగా తీసుకుందాము. డబ్బా సంగతి తరువాత దానంతట అదే తేలుతుంది.

కాంక్రీటు స్వభావం

చూపునకు రాయివలె కనిపించినా కాంక్రీటు రాయి కాదు. అది సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన పదార్థం. ఇంగ్లండు దేశస్థుడైన జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందినాడు. సున్నపురాతిని, బంకమట్టిని కలిపి తీవ్రమైన వేడిలో కాల్చి పొడి చేయుటయే నేటికీ ఆ పరిశ్రమకు మూలసూత్రం. మన జిల్లాలో ఎర్రగుంట్ల, చిలమకూరు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలియడానికి కారణం ఆ చుట్టుపక్కల భూమిలో ఉన్న సున్నపురాయియే. 'కడప బండ' అని దేశమంతటా పేరు పొందిన నల్లని పలకరాయి కూడ ఆ జాతిదే.

సిమెంటులో నీరు కలిపినప్పుడు జరిగేది ఆరిపోవడం కాదు, రసాయనిక చర్య. కాల్షియం సిలికేట్లు నీటిని గ్రహించి గట్టి జిగురువంటి పదార్థంగా మారుతాయి. వాటితోపాటు కాల్షియం హైడ్రాక్సైడు, అనగా మనం తాంబూలంలో వాడే తడిసున్నమే, విడుదల అవుతుంది. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఇది సుమారు ఐదవ వంతు ఉంటుంది. అందువల్లనే క్రొత్త కాంక్రీటులోని తేమ తీవ్రమైన క్షారం, దాని పి.హెచ్. విలువ 12.5 నుండి 13 వరకు ఉంటుంది. స్వచ్ఛమైన నీటికి ఆ విలువ 7. ఈ కొలమానంలో ఒక్కొక్క అంకెకు పది రెట్ల భేదమని జ్ఞాపకం ఉంచుకుంటే, ఆ క్షారం ఎంతటిదో విద్యార్థులకు బోధపడుతుంది.

రెండవ స్వభావం, కాంక్రీటు నిండా కంటికి కనబడని రంధ్రాలు ఉండడం. కలిపిన నీరంతా రసాయనిక చర్యకు అవసరపడదు. మిగిలిన నీరు ఆవిరి అయి, తాను ఉన్నచోట సన్నని దారులు వదలిపోతుంది. బేల్దారి పని సులువు కోసం నీరు ఎక్కువ పోసేకొద్దీ ఈ దారులు ఎక్కువవుతాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇవి నీటిని పీలుస్తాయి. తొట్టిలో నీరు నిలిచి ఉన్నంతకాలం దాని గోడలో కూడ నీరు ఉన్నట్లే. ఆ నీరు సున్నాన్ని, ఉప్పులను కరిగించుకొని వెలుపలి ముఖానికి వచ్చి ఆవిరైనప్పుడు తెల్లని పొడి మిగులుతుంది. పొలంలో చౌడు తేలడాన్ని ఎరిగిన రైతుబిడ్డకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

కనుక తొట్టి మీది రంగుకు వెలుపలినుండి ఎండ శత్రువైతే, వెనుకనుండి క్షారం, నీరు శత్రువులు. ఇంటిగోడ మీద నిలిచే రంగు తొట్టి మీద నిలువకపోవడానికి ఇదే హేతువు. గోడ ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే తడుస్తుంది. తొట్టి ప్రతి దినం తడుస్తుంది, ప్రతి దినం ఎండుతుంది.

క్షారం అనేది మన ప్రాంతానికి క్రొత్త మాట కాదు. పులివెందుల చేరువలోని వేముల మండలంలో ఉన్న తుమ్మలపల్లెలో 2012లో యురేనియం శుద్ధి కర్మాగారం ప్రారంభమైనది. అక్కడి ఖనిజం వేంపల్లె శిలాశ్రేణికి చెందిన డోలమైటు రాతిలో ఇమిడి ఉన్నది. అట్టి రాతి మీద ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాతిని కరిగించడానికే వ్యయమైపోతుంది. అందుచేత ఇతరచోట్ల వాడే గంధకామ్లాన్ని మాని, సోడియం కార్బొనేటు వంటి క్షార ద్రావణంతో, అధిక పీడనంలో ఖనిజాన్ని రాబట్టే పద్ధతిని భారతదేశంలో మొదటిసారి అక్కడ చేపట్టినారు. రాతిగుణాన్ని బట్టి ద్రావణాన్ని ఎన్నుకొన్నారన్న మాట. కాంక్రీటు గుణాన్ని బట్టి రంగును ఎన్నుకోవడం కూడ ఆ తర్కమే, కొలత మాత్రం చిన్నది.

నూనెరంగు సబ్బుగా మారుట

రంగు డబ్బాలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. రంగునిచ్చే పొడి వర్ణకం. ఆ పొడిని ఉపరితలానికి అంటించే జిగురు బంధకం. పూయడానికి వీలుగా పలుచన చేసేది ద్రావణి. మన్నిక విషయంలో నూటికి తొంభై పాళ్లు బంధకానిదే అధికారం అని నా అభిప్రాయం. అయినా కొనేవాడు చూసేది వర్ణకాన్నే.

ఎనామెలు రంగులో బంధకం అవిసె నూనె వంటి ఎండే నూనెలతో తయారైన ఆల్కిడ్ రెజిన్. నూనె అంటే రసాయన పరిభాషలో ఒక ఎస్టర్. ఎస్టర్‌కు క్షారం తగిలితే అది విడిపోయి సబ్బు ఏర్పడుతుంది. కాస్టిక్ సోడాను కొబ్బరినూనెలో కలిపి సబ్బు చేసే ప్రయోగం ప్రయోగశాలలో చూచినవారికి ఇది తెలిసినదే. క్రొత్త కాంక్రీటు మీద పూసిన ఎనామెలు పొర అడుగున సరిగ్గా ఇదే జరుగుతుంది. పైన పొర మెరుస్తూనే ఉంటుంది. అడుగున అది జిగటగా, సబ్బుగా మారిపోయి పట్టు వదులుతుంది. ఇనుప గేటు మీద ఐదారేళ్లు నిలిచే రంగు తొట్టి మీద ఐదారు మాసాలు కూడ నిలువకపోతే, తప్పు రంగుది కాదు, దానిని అక్కడ వేసినవారిది.

క్షారం ఇంకా మిగిలి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి గొప్ప పరికరాలు అక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలో ఫినాఫ్తలీన్ ద్రావణం ఉంటుంది. తడిపిన కాంక్రీటు మీద రెండు చుక్కలు వేస్తే, క్షారం బలంగా ఉన్నచోట గులాబి రంగు వస్తుంది. అది కూడ లేకపోతే పసుపు చాలు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని మన ఇండ్లలో తెలియనివారు ఎవరు? పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన తెల్లకాగితాన్ని తడి కాంక్రీటుకు అదిమిపట్టినప్పుడు అది ఎర్రబడితే రంగు వేసే సమయం ఇంకా రాలేదని గ్రహించవలెను. అయితే పసుపు స్వల్ప క్షారానికే మారుతుంది. మన బోరుబావి నీరు కొంత క్షారగుణం కలది కావచ్చును. కాబట్టి ఆ నీటిలో మరొక కాగితాన్ని ముంచి, రెంటినీ పోల్చి చూడవలెను.

క్షారం తగ్గడానికి కాలం కావలెను. గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటు ఉపరితలంలోని సున్నంతో కలిసి దానిని మరల సున్నపురాయిగా మారుస్తుంది. అప్పుడు పై పొరలో పి.హెచ్. 9 ప్రాంతానికి దిగుతుంది. తొట్టి పోసిన తరువాత మొదట కనీసం వారం పది రోజులు తడిగా ఉంచి గట్టిపడనీయవలెను. ఆ తరువాత మూడు వారాల పాటు ప్రతి రెండు రోజులకు నీరు నింపి, ఆ నీటిని పారబోసి, ఒక పూట ఎండనిచ్చి, తిరిగి నింపుతూ ఉంటే కరిగే సున్నం చాలావరకు బయటికి పోతుంది. ఈ నీటిని మాత్రం పక్షులకు అందనీయరాదు. తొట్టి మీద ఒక పలక మూసి ఉంచవలెను. సున్నపు తేట ఎంత ఘాటైనదో నాలుకకు తెలిసిన విషయమే. మొత్తం 28 రోజులకు తక్కువ కాకుండా ఆగడం మంచి పద్ధతి. ఫ్లై యాష్ కలిసిన పొజొలానా సిమెంటు అయితే ఆ బూడిదలోని సిలికా కొంత సున్నాన్ని తనలో కలుపుకొంటుంది. అందుచేత తొట్టికి ఆ సిమెంటే మేలు. కాని అది నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక నీరు పట్టడంలో ఏమరుపాటు పనికిరాదు.

తేమను పరీక్షించడానికి కూడ ఒక సులభోపాయం కలదు. రంగు వేయదలచిన చోట జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు ప్రక్కలా టేపుతో బిగించి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారి కాగితం లోపలి ముఖాన చెమటపట్టినట్లు తడి కనబడితే కాంక్రీటు ఇంకా పొడి కాలేదు.

లోపలి భాగానికి రంగు అవసరమా?

ఇక అసలు ప్రశ్న. తొట్టిలో నీరు నిలిచే లోపలి భాగానికి ఏ రంగు వేయవలెను? నా సమాధానం సూటిగా చెబుతాను: వేయనక్కరలేదు. ఈ మాట రంగుల వ్యాపారికి రుచించకపోవచ్చును గాని కారణాలు వినండి.

వెలుపలి గోడలకు వాడే అక్రిలిక్ ఎమల్షన్ నేటి రంగులలో చక్కనిది. దాని బంధకం ఎస్టరే అయినప్పటికీ క్షారానికి నూనెరంగువలె లొంగదు, ఎండకు ఓర్చుకొంటుంది, లోపలి తేమను కొంత వెలుపలికి పోనిస్తుంది. వానకు తడిసి ఆరే గోడ కోసం దానిని తయారు చేసినారు. రాత్రింబవళ్లు నీటిలో మునిగి ఉండడానికి కాదు. నిలువ నీటిలో ఆ పొర మెత్తబడి ఉబ్బుతుంది. అంతేగాక గోడల మీద నాచు, బూజు పట్టకుండా ఇట్టి రంగులలో క్రిమినాశకాలు కలుపుతారు. నాచును చంపే మందు నీటిలోకి మెల్లమెల్లగా దిగుతుంటేనే పని చేస్తుంది. గోడ మీద అది గుణమే. త్రాగే నీటిలో అది దోషం.

ఈత కొలనులకు ఒకప్పుడు క్లోరినేటెడ్ రబ్బరు రంగు ఎక్కువగా వాడేవారు. క్షారానికి, నీటికి అది బాగా తట్టుకొంటుంది. కాని దాని తయారీలో కార్బన్ టెట్రాక్లోరైడు వాడుక ఉండినది. ఓజోను పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఆ ద్రావణి మీద ఆంక్షలు పెట్టిన తరువాత ఆ రంగు వాడుక తగ్గినది.

మిగిలినది ఎపాక్సీ. రెజిన్, గట్టిపరిచే ద్రవం అని రెండు డబ్బాలుగా వస్తుంది. కంపెనీ చెప్పిన పాళ్లలో కలిపితే రెండూ రసాయనికంగా ముడిపడి గట్టి పొర ఏర్పడుతుంది. త్రాగునీటి ట్యాంకుల లోపల వాడదగినదని ధ్రువీకరించిన, ద్రావణి లేని ఎపాక్సీలు కూడ ఉన్నవి. కాని ఆ ట్యాంకులు మూసి ఉంటాయి. పక్షుల తొట్టి తెరిచి ఉంటుంది. ఎపాక్సీ అణువులోని బెంజీను వలయాలు సూర్యుని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని చెదరిపోతాయి. కొన్ని మాసాలకే పై పొర సుద్దలా పొడిరాలుతుంది. దానిని కాపాడడానికి పైన పాలీయురిథేన్ పూత వేయవచ్చును. అప్పుడు తొట్టి ఖరీదు కంటె పూత ఖరీదు మించిపోతుంది. పాళ్లు తప్పినా, గట్టిపడక ముందే నీరు పోసినా, చర్యలో పాల్గొనని రసాయనం నీటిలో కలుస్తుంది. కొలత తెలిసినవారు తొట్టి కారుతున్నదన్న తప్పనిసరి కారణంతో వేసుకొంటే నేను కాదనను. అందం కోసం మాత్రం వద్దు.

ఏ పొరకైనా మరొక ఆపద ఉన్నది. పొర వెనుక, కాంక్రీటు రంధ్రాలలో ఉప్పు ద్రావణం ఉంటుంది. పొర ముందు తొట్టి నీరు ఉంటుంది. పొర అర్ధపారగమ్యంగా ప్రవర్తించి నీటిని లోపలికి లాగుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థి బంగాళాదుంప ముక్కతో నేర్చుకొనే ద్రవాభిసరణం ఇదే. లోపల పీడనం పెరిగి బొబ్బ లేస్తుంది. బాగుగా కడగని, ఆరని కాంక్రీటు మీద ఎంత ఖరీదైన పూత అయినా ఈ పీడనానికి నిలువదు.

పైగా పక్షికి కావలసినది నునుపైన మెరుపు కాదు. తడి ఎనామెలు మీద పిచ్చుక కాలు జారుతుంది. తొట్టి అంచు దగ్గర అర అంగుళం, నడుమ రెండు అంగుళాల లోతు చాలును. అడుగు కొంచెం గరుకుగా ఉండవలెను. నీరు కారకుండా ఉండడానికి మార్గం రంగు కాదు, మంచి పోత. సన్నని కంకర, ఇసుక, సిమెంటు తగిన పాళ్లలో తక్కువ నీటితో కలిపి, బాగా కుదించి పోసి, లోపల సిమెంటు ముద్దను తాపీతో గట్టిగా రుద్ది, పూర్తిగా నునుపు కాకముందే ఆపితే చాలు. గండికోటలో కోట లోపలి కట్టడాల మీది గచ్చును చూచినవారికి, రంగు డబ్బా పుట్టక మునుపు మన పనివారు సున్నంతోనే ఎంతటి పని సాధించినారో కొంత తెలుస్తుంది.

వెలుపలి భాగానికి

వెలుపలి ముఖానికి రంగు వేసుకోవచ్చును, వేస్తే ప్రయోజనం కూడ ఉన్నది. లేత రంగు ఎండను వెనుకకు తిప్పి నీటిని అంతగా వేడెక్కనీయదు. ముదురు రంగు వేసిన తొట్టిలో మే నెల మధ్యాహ్నం నీరు చేయి పెట్టలేనంతగా కాగుతుంది. కడప బండను తొలిచి తొట్టి చేయరాదా అని కొందరు అడుగుతారు. చేయవచ్చును, రంగు అసలే అక్కరలేదు. నల్లరాయి కనుక పూర్తి నీడన మాత్రమే పెట్టవలెను.

వెలుపలికి నేను మొదటి స్థానం ఇచ్చేది సిమెంటు రంగుకు. మన ప్రాంతంలో ఏ కంపెనీదైనా దానిని 'స్నోసెం' అనే పిలుస్తారు. అందులో బంధకం తెల్ల సిమెంటు. క్షారం దానికి శత్రువు కాదు, జ్ఞాతి. అది కాంక్రీటుకు అంటుకోదు, కాంక్రీటులో కలిసిపోతుంది. లోపలి తేమను ఆపదు కనుక బొబ్బ లేవదు. అయితే దానిని వేసే పద్ధతి నూనెరంగుకు సరిగ్గా వ్యతిరేకం: ఉపరితలాన్ని ముందుగా తడపవలెను, కలిపిన రంగును గంటలోపల వాడివేయవలెను, చల్లని వేళ పూయవలెను, మరునాటినుండి రెండు మూడు రోజులు నీరు చిలకరించవలెను. ఎండిన తొట్టి మీద మిట్టమధ్యాహ్నం పూసి, నీరు పట్టక, చేతికి పొడి అంటుతున్నదని నిందించేవారే ఎక్కువ. దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 5410, సంచి మీద ఆ సంఖ్య చూచి కొనవలెను.

దానికంటె చవకైనది సున్నం. మూడు నాలుగు పలుచని పూతలు, ఒక్కొక్కటి ఆరనిచ్చి వేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి రాతిపొరగా మారుతుంది. ఏటా వేయవలసినదే, కాని గీకనక్కరలేదు, పాతదాని మీద క్రొత్తది పడుతుంది. కొంచెం డబ్బు పెట్టగలవారికి అక్రిలిక్ ఎమల్షన్ కూడ వెలుపలికి తగినదే. అడుగున క్షారాన్ని తట్టుకొనే ప్రైమరు వేసి, అంచుకు ఒక అంగుళం క్రిందనే ఆపవలెను. నీరు తొణికే అంచును వదలిపెట్టడం అన్ని రంగులకూ వర్తించే నియమం. పొర ఊడడం ఎప్పుడూ అంచునుండే ఆరంభమవుతుంది. ఐరోపాలో పొటాషియం సిలికేటును బంధకంగా వాడే రంగులు మరింత మన్నికైనవిగా పేరు పొందినవి. జర్మనీకి చెందిన కైమ్ అనే ఆయన 1878లో వాటికి పేటెంటు పొందినాడు. అవి మన పల్లెటూరి దుకాణాలలో దొరికేవి కావు గనుక ఇక్కడ ఆగను.

వర్ణకాల ఎంపికలో మాత్రం ఆగవలసి ఉన్నది. సున్నంలో, సిమెంటులో ప్రతి రంగూ నిలువదు. ఇనుపతుప్పు జాతి వర్ణకాలు - ఎర్రని జాజు, పచ్చని ఓకరు మన్ను - క్షారానికి, ఎండకు కూడ చలించవు. కడప, కర్నూలు సీమలలో ఓకరు దొరుకుతుంది. మన పల్లెలలో అరుగులకు జాజు పూయడం పాత వాడుకయే. ప్రష్యన్ నీలం క్షారంలో చెడి గోధుమ రంగు తేలుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో కడపకు పేరు తెచ్చిన నీలిమందు బట్ట మీద గొప్పది, ఆరుబయట ఎండలో వెలిసిపోతుంది. వెల్లవేసే సున్నంలో బట్టల నీలం కలిపే అలవాటు ఉన్నదే, అది అల్ట్రామెరైన్. అది క్షారానికి నిలుస్తుంది, ఆమ్లానికి నిలువదు. తెల్లరంగుకు టైటానియం డయాక్సైడు ఉత్తమం. అందులో రూటైల్ రకం ఎండకు ఆగుతుంది. అనటేస్ రకమైతే సుద్దలా రాలుతుంది. దుకాణంలో రెండూ తెల్లగానే కనబడతాయి.

డబ్బా బరువును చూచి మోసపోరాదని కూడ ఇక్కడ చెప్పవలెను. ఒకనాడు మన జిల్లాలో భాగమై ఉండిన మంగంపేట ముగ్గురాతికి, అనగా బెరైటీసుకు, జగత్ప్రసిద్ధం. అది నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. అందులో అధికభాగం చమురు బావుల త్రవ్వకానికి పోతుంది. కొంత మెత్తని పొడిగా రంగులలో పూరకంగా చేరుతుంది. బేరియం సల్ఫేటు నీటిలో కరగదు కనుక హాని లేదు, క్షారానికి కూడ స్థిరం. కాని పూరకం ఎక్కువై బంధకం తక్కువైన రంగు బరువుగా ఉండి కూడ త్వరగా పొడిరాలుతుంది.

విషం సంగతి

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది సీసం విషయంలో. పసుపు రంగునిచ్చే లెడ్ క్రోమేటు, ఎర్రని సీసపు సిందూరం చాలాకాలం ఎనామెలు రంగులలో, ఇనుప పనుల ప్రైమర్లలో వాడుకలో ఉండినవి. భారత ప్రభుత్వం 2016లో చేసిన నియమాల ప్రకారం ఇండ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. ఆ నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అందుచేత గూటిలో పదేళ్లుగా పడి ఉన్న పసుపు, నారింజ, ఎరుపు ఎనామెలు డబ్బాను పక్షుల తొట్టికి ముట్టించరాదు. సీసం నరాలను, రక్తాన్ని దెబ్బతీస్తుంది. పిచ్చుక బరువు 30 గ్రాముల లోపు. మనిషిని బాధించని మోతాదు దానికి ప్రాణాంతకం కావచ్చును. పాత తొట్టి మీద అట్టి రంగు ఉన్నదని అనుమానం ఉంటే పొడిగా గీకరాదు. తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, రాలిన పొడిని నేల మీద పడకుండా పోగుచేయవలెను. తొట్టిని మార్చివేయడం అంతకంటె తేలిక.

రంగు నిర్దోషమైనా పోసే నీరు మంచిది కాకపోతే శ్రమ వ్యర్థం. తుమ్మలపల్లె పరిసర గ్రామాలలో గని వ్యర్థాల చెరువువల్ల భూగర్భజలం చెడుతున్నదని రైతులు చేసిన ఫిర్యాదులు గత దశాబ్దంలో పత్రికలకెక్కినవి. ఆ వివాదంలోకి పోవడం ఈ వ్యాసానికి పని కాదు. తొట్టి పెట్టేవారికి కావలసిన నియమం చిన్నది: ఇంట్లో త్రాగడానికి వాడే నీటినే తొట్టిలో పోయవలెను.

వేసవిలో లోతు తక్కువైన తొట్టినుండి రోజుకు ఒక సెంటీమీటరు నీరు ఆవిరి కావడం విశేషం కాదు. ఐదు సెంటీమీటర్ల లోతు తొట్టిలో ప్రతి దినం తగ్గినంత నీటినే పోస్తూ, పాతదానిని పారబోయకుండా ఉంటే, నెల రోజులకు మొదటి తొట్టెడు నీటి ఉప్పులు కాక మరి ఆరు తొట్ల నీటి ఉప్పులు దానిలో చేరతాయి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. అంటే నీటిలోని లవణం ఏడు రెట్లకు చేరుతుంది. సున్నం కొంత తెల్లని పెచ్చుగా అడుగున పేరుకొంటుంది. రంగు వెలిసిందని భ్రమించేది చాలాసార్లు ఈ పెచ్చునే. నిమ్మరసంతో గాని వెనిగర్‌తో గాని దీనిని తోమరాదు. ఆ ఆమ్లం పెచ్చుతోపాటు కాంక్రీటులోని సున్నాన్ని కూడ తినివేస్తుంది. కొబ్బరిపీచుతో, ఉత్త నీటితో రుద్దితే చాలును. రెండు రోజులకొకసారి నీరంతా పారబోసి తోమితే నాచు నిలువదు, దోమ పిల్ల రెక్కలు వచ్చేదాకా బ్రతకదు.

తొట్టిని వేపచెట్టు నీడన, పిల్లి పొంచి ఉండడానికి వీలులేని చోట, నడుమెత్తు దిమ్మ మీద ఉంచవలెను. వెలుపలి సిమెంటు పూతను ఏటా శివరాత్రి దాటిన తరువాత, ఎండలు ముదరక ముందు వేస్తే నీరు పట్టడానికి అనుకూలం. ఆ నాలుగు రోజులు తొట్టిని బోర్లించి ఉంచి, పక్షుల కోసం ప్రక్కన ఒక మట్టి మూకుడు పెట్టవలెను.